కూలిన ఇల్లు, కార్డులోని ఊరు: తుర్కియే భూకంపంలో సిరియా శరణార్థి కుటుంబాలు

2023 ఫిబ్రవరి 6, సోమవారం తెల్లవారుజామున 4 గంటల 17 నిమిషాలకు ఆగ్నేయ తుర్కియే (టర్కీ)లోని కహ్రామన్‌మరాష్ ప్రావిన్సులో, పజార్‌జిక్ పట్టణం సమీపాన 7.8 తీవ్రతతో భూమి కంపించింది. తొమ్మిది గంటలు గడిచాక, మధ్యాహ్నం 1 గంట 24 నిమిషాలకు, ఎల్బిస్తాన్ వైపు 7.5 తీవ్రతతో రెండో భూకంపం వచ్చింది. మొదటి దానికి బీటలు వారి నిలిచిన భవనాల్లో చాలావాటిని రెండోది నేలకూల్చింది. తుర్కియేలో మరణించినవారి సంఖ్య 53 వేలు దాటింది. వారిలో దాదాపు ఏడు వేల మంది విదేశీయులని ప్రభుత్వం ప్రకటించింది. ఆ విదేశీయుల్లో అత్యధికులు సిరియా యుద్ధం నుంచి ప్రాణాలు కాపాడుకోవడానికి సరిహద్దు దాటి వచ్చినవారు.

ఈ ఏడు వేల మంది సంగతి మరణాల లెక్కలో ఒక వాక్యంగా వచ్చి పోతుంది. కానీ భూకంపానికి గురైన ప్రావిన్సుల్లో అప్పటికి సుమారు 17 లక్షల మంది సిరియన్లు నివసిస్తున్నారు. ఇల్లు కూలినా, మనిషి పోయినా, పని పోయినా వారి కష్టం పొరుగున ఉన్న తుర్కు కుటుంబం కష్టం లాంటిదే. తేడా ఆ తర్వాత మొదలైంది. ఎక్కడికి వెళ్లవచ్చు, ఎంతకాలం ఉండవచ్చు, చనిపోయినవారిని ఏ మట్టిలో పెట్టవచ్చు, కట్టబోయే కొత్త ఇళ్లలో వాటా ఉంటుందా లేదా అన్న ప్రశ్నలకు జవాబులు నష్టం తీవ్రతను బట్టి రాలేదు. జేబులో ఉన్న గుర్తింపు కార్డును బట్టి వచ్చాయి.

ఆ కార్డు వెనుక చరిత్ర 2011 నాటిది. సిరియాలో అసద్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా తిరుగుబాటు రేగి, అది యుద్ధంగా మారినప్పుడు తుర్కియే సరిహద్దు తెరిచింది. మక్కా నుంచి వలస వచ్చిన ముహాజిర్లను మదీనావాసులైన అన్సార్లు తమ ఇళ్లలో చేర్చుకున్న ఇస్లామిక చరిత్ర ఘట్టాన్ని అధ్యక్షుడు ఎర్దొగాన్ తన ప్రసంగాల్లో పదేపదే గుర్తుచేశారు. ఆ పోలికలో నిజాయతీ లేదనడం తొందరపాటవుతుంది. తొలి సంవత్సరాల్లో సరిహద్దు ఊళ్ల ప్రజలు అపరిచితులకు గదులిచ్చారు, వంట సామాను ఇచ్చారు. కిలిస్ లాంటి చిన్న ప్రావిన్సులో స్థానికుల సంఖ్యతో ఇంచుమించు సమానంగా సిరియన్లు వచ్చి చేరినా పట్టణం వారిని భరించింది. అయితే మత సోదరభావం తలుపు తీయగలదు గానీ, లోపలికి వచ్చినవారికి హక్కుగా నిలబడేది చట్టంలో రాసినదే. అక్కడ రాసినది తక్కువ.

1951 నాటి శరణార్థుల ఒడంబడికపై తుర్కియే సంతకం చేసింది కానీ, ఐరోపాలో జరిగిన ఘటనల కారణంగా పారిపోయి వచ్చినవారికే పూర్తి శరణార్థి హోదా ఇస్తామన్న పరిమితిని నేటికీ కొనసాగిస్తోంది. (భారతదేశం ఆ ఒడంబడికలో అసలు చేరనేలేదు, హైదరాబాద్ శివారు బాలాపూర్‌లో గుడిసెలు వేసుకున్న రోహింగ్యా ముస్లిం కుటుంబాలకు ఈ దేశ చట్టంలో శరణార్థి అన్న హోదా లేకపోవడానికి మూలం అక్కడే ఉంది.) అందువల్ల సిరియన్ల కోసం 2014 అక్టోబరులో 'తాత్కాలిక రక్షణ' అనే ప్రత్యేక నియమావళిని తెచ్చారు. దాని కింద నమోదైన ప్రతి వ్యక్తికీ 99తో మొదలయ్యే సంఖ్యతో కార్డు ఇస్తారు. ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం, పిల్లలకు బడి, ఐరోపా సమాఖ్య (ఈయూ) నిధులతో రెడ్ క్రెసెంట్ ద్వారా అందే నెలవారీ నగదు సాయం, ఇవన్నీ ఆ కార్డు మీదే ఆధారపడి ఉంటాయి. కార్డు ఏ ప్రావిన్సులో నమోదైందో ఆ ప్రావిన్సులోనే ఈ సౌకర్యాలు అందుతాయి. అక్కడి నుంచి మరో ప్రావిన్సుకు వెళ్లాలంటే ముందుగా ప్రయాణ అనుమతి పత్రం తీసుకోవాలి.

మామూలు రోజుల్లో ఈ నిబంధన చికాకు మాత్రమే. భూకంపం వచ్చిన రోజున అది కుటుంబాల కాళ్లకు సంకెల అయింది. హతాయ్ ప్రావిన్సు కేంద్రమైన అంతాక్యాలో అద్దెకుండే ఒక కుటుంబాన్ని ఊహించుకుంటే విషయం తేటపడుతుంది. ఇల్లు కూలింది, బయట చలి, వాన, పిల్లల ఒంటి మీద పడుకున్నప్పటి బట్టలే ఉన్నాయి. తల్లి అన్నయ్య మెర్సిన్‌లో ఉన్నాడు, కారులో సుమారు మూడు గంటల దారి. పక్కింటి తుర్కు కుటుంబం బంధువుల ఊరికి బయలుదేరుతుంది. ఈ కుటుంబం మాత్రం దారిలో తనిఖీ కేంద్రం దగ్గర పోలీసులు ఆపితే ఏం చెప్పాలో ఆలోచించుకోవాలి. అనుమతి ఇవ్వవలసిన కార్యాలయం భవనానికే పగుళ్లు, అక్కడి ఉద్యోగుల్లో ఎందరు బతికి ఉన్నారో తెలియదు, కార్డులేమో శిథిలాల కింద ఉన్నాయి.

ప్రభుత్వం ఈ చిక్కును త్వరగానే గుర్తించింది. భూకంప ప్రావిన్సుల్లో నమోదైన సిరియన్లు అనుమతి లేకుండానే ఇతర ప్రావిన్సులకు వెళ్లవచ్చని తొలి రోజుల్లోనే సడలింపు ఇచ్చింది. కానీ ఆ సడలింపునకు గడువు పెట్టింది, ఇస్తాంబుల్‌ను దాని నుంచి మినహాయించింది. కొన్ని వారాలకే తీరిపోయే అనుమతితో ఇల్లు లేని కుటుంబం ఏం చేయగలదన్న ప్రశ్న అలాగే మిగిలింది. వెళ్లిన చోట స్థిరపడదామంటే మరో అడ్డు ఉంది. ఒక పేటలో విదేశీయుల వాటా నిర్ణీత శాతం దాటితే అక్కడ కొత్తగా ఎవరినీ నమోదు చేయకూడదన్న విధానం 2022లోనే అమలులోకి వచ్చింది. మొదట 25 శాతంగా ఉన్న ఆ పరిమితిని అదే ఏడాది 20కి తగ్గించి, వెయ్యికి పైగా పేటలకు నమోదు తలుపులు మూసేశారు. సిరియన్లకు బంధువులుండే పేటలు సహజంగా అవే. అన్నయ్య ఇంట్లో తలదాచుకోవచ్చు, కానీ ఆ చిరునామా మీద పిల్లవాడిని బడిలో చేర్చడం కష్టం. గడువు తీరాక కూలిన ఊరికే తిరిగి వెళ్లి గుడారంలో ఉండవలసి వచ్చిన కుటుంబాల కథ ఇక్కడే మొదలైంది.

శిథిలాల దగ్గరి సంగతి మరింత బాధాకరం. సహాయక బృందాలు కాంక్రీటు దిబ్బల మీద నిలబడి, చుట్టూ ఉన్నవారిని నిశ్శబ్దంగా ఉండమని చెప్పి, "నా గొంతు ఎవరికైనా వినపడుతోందా?" అని తుర్కిష్‌లో పిలిచేవి. లోపలి నుంచి వచ్చే చిన్న మూలుగు మీద, తట్టిన శబ్దం మీద ప్రాణం ఆధారపడి ఉండేది. అలాంటి చోట తమ వారి కోసం అరబ్బీలో పిలిస్తే చుట్టుపక్కలవారు కేకలేశారని, అందుకే శిథిలాల దగ్గరికి వెళ్లడమే మానుకున్నామని కొందరు సిరియన్లు వార్తా సంస్థలతో చెప్పారు. అరబ్బీ ఆ ప్రాంతానికి పరాయి భాష ఏమీ కాదు. 1939లో తుర్కియేలో కలిసిన హతాయ్ ప్రావిన్సులో అరబ్బీ మాతృభాషగా ఉన్న అలవీ, క్రైస్తవ కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. అంతాక్యా పాతబస్తీలోని ముసలివారు ఇప్పటికీ ఆ భాషలోనే మాట్లాడుకుంటారు. అదే భాష వలసవారి నోట వచ్చేసరికి అనుమానానికి కారణమైంది.

ఆ అనుమానానికి ఆజ్యం పోసినది దోపిడీల ప్రచారం. కూలిన దుకాణాల్లో, ఇళ్లలో దొంగతనాలు జరిగిన మాట నిజం. అయితే వాటిని సిరియన్లే చేస్తున్నారన్న మాట సామాజిక మాధ్యమాల్లో గంటల్లో వ్యాపించింది. వలస వ్యతిరేకతే ప్రధాన అజెండాగా నడిచే విజయ పార్టీ నాయకుడు ఉమిత్ ఒజ్‌దాగ్ వంటివారు దానికి రాజకీయ బలం ఇచ్చారు. భూకంప ప్రాంతంలో మూడు నెలల అత్యవసర పరిస్థితి ప్రకటించడంతో భద్రతా బలగాల అధికారాలు పెరిగాయి. దొంగలన్న అనుమానంతో పట్టుకున్నవారిని పోలీసులు, జెండర్మీ (గ్రామీణ ప్రాంతాల్లో పోలీసు విధులు చేసే సైనిక తరహా దళం) సిబ్బంది తీవ్రంగా కొట్టిన ఘటనలను హ్యూమన్ రైట్స్ వాచ్, ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2023 ఏప్రిల్‌లో సంయుక్తంగా వెల్లడించాయి. బాధితుల్లో తుర్కులతో పాటు సిరియన్లూ ఉన్నారు. విపత్తులో కోపానికి ఒక ముఖం కావాలి. ఆలస్యంగా వచ్చిన సహాయం మీద, నాసిరకం కట్టడాలకు 2018లో జరిమానా కట్టించుకుని క్రమబద్ధీకరణ పత్రాలిచ్చిన విధానం మీద వెళ్లవలసిన కోపంలో కొంత భాగం, తిరిగి మాట్లాడే స్థితిలో లేనివారి మీదికి మళ్లింది.

చిత్రం ఒకే రంగులో లేదన్నది కూడా చెప్పాలి. ఒకే దిబ్బను తుర్కు, సిరియన్ యువకులు కలిసి చేతులతో తవ్వారు. వలసవచ్చిన సిరియన్లు నడిపే స్వచ్ఛంద బృందాలు రెండు సమాజాలకూ రొట్టె, దుప్పట్లు పంచాయి. బయటి దేశాల బృందాలకు ఈ తేడాలతో పని లేదు. 'ఆపరేషన్ దోస్త్' పేరిట భారత్ పంపిన ఎన్డీఆర్ఎఫ్ సిబ్బంది గాజీయాంతెప్ ప్రావిన్సులోని నుర్దాగీలో శిథిలాలు తొలగించారు, సైనిక వైద్యులు హతాయ్‌లోని ఇస్కెందెరున్‌లో తాత్కాలిక ఆసుపత్రి నడిపారు.

చనిపోయినవారి విషయంలో ముస్లిం కుటుంబానికి కొన్ని విధులు తప్పనిసరి. దేహానికి గుసుల్ (శుద్ధి స్నానం) చేయించాలి, తెల్లటి కఫన్ (శవవస్త్రం) చుట్టాలి, జనాజా నమాజు (అంత్యక్రియల ప్రార్థన) చదవాలి, వీలైనంత త్వరగా ఖననం చేయాలి. భూకంపం ఆ క్రమాన్ని అందరికీ ఛిన్నాభిన్నం చేసింది. నీరు లేనప్పుడు మట్టితో చేసే శుద్ధి అయిన తయమ్ముమ్‌తో సరిపెట్టుకోవచ్చని ధర్మం వెసులుబాటు ఇస్తుంది, కఫన్ దొరకనప్పుడు దొరికిన వస్త్రమే కఫన్ అవుతుంది. అంతాక్యా, కహ్రామన్‌మరాష్ శివార్లలో పొడవాటి గోతుల వరుసల్లో ఖననాలు జరిగాయి. ఎవరో తెలియని దేహాలకు డీఎన్ఏ నమూనా, వేలిముద్రలు, ఫోటో తీసుకుని, తలవైపు పాతిన చెక్క పలక మీద పేరుకు బదులు ఒక సంఖ్య రాశారు. తర్వాత బంధువులు వచ్చి, నమూనా ఇచ్చి, సరిపోలితే ఆ సంఖ్య స్థానంలో పేరు రాయించుకోవచ్చు. ఈ ఏర్పాటు సక్రమమైనదే. కానీ నమూనా ఇవ్వడానికి దగ్గరి రక్తసంబంధీకులు ఆ దేశంలో ఉండాలి. తల్లిదండ్రులు అలెప్పోలోనో ఇద్లిబ్‌లోనో, తోబుట్టువులు జర్మనీలోనో ఉన్న వలస కుటుంబానికి ఆ సంఖ్య పేరుగా మారడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. దీనికి తోడు, వలసలో జరిగిన పెళ్లిళ్లలో చాలావాటికి నికాహ్ తప్ప ప్రభుత్వ నమోదు లేదు. కాగితం మీద భార్య కాని భార్య, భర్త మరణ ధ్రువీకరణ కోసం, పిల్లల సంరక్షణ కోసం తాను ఎవరో ముందు నిరూపించుకోవాలి.

సొంత ఊరి మట్టిలోనే ఖననం చేయాలని చాలా కుటుంబాలు కోరుకున్నాయి. రైహాన్లీ పట్టణం అవతల ఉన్న బాబ్ అల్ హవా సరిహద్దు ద్వారం గుండా, నల్లటి సంచుల్లో కట్టిన దేహాలు ట్రక్కుల్లో సిరియాకు వెళ్లాయి. కొన్ని రోజుల్లోనే వాటి సంఖ్య వెయ్యి దాటింది. అదే భూకంపం వాయవ్య సిరియాలోని జిందీరెస్, హారిమ్, సల్ఖీన్ పట్టణాలనూ కూల్చింది, అక్కడ యంత్రాలు లేక, ఇంధనం లేక వైట్ హెల్మెట్స్ అనే సిరియా స్వచ్ఛంద సహాయక దళం కార్యకర్తలు పలుగులతో పోరాడుతున్నారు. ఐక్యరాజ్యసమితి సహాయానికి అనుమతి ఉన్న ఏకైక ద్వారం అప్పటికి బాబ్ అల్ హవాయే. అయినా తొలి సహాయ వాహనాలు దాన్ని దాటింది ఫిబ్రవరి 9న. ఆ లోపే బతికినవారికి ఏమీ తీసుకుపోని దారి చనిపోయినవారిని మోసుకుపోయింది. మరో రెండు ద్వారాలు తెరవడానికి అసద్ ప్రభుత్వం ఒప్పుకున్నది వారం గడిచాక, ఫిబ్రవరి 13న.

బతికినవారిలో కూడా కొందరు ఆ ద్వారం వైపే నడిచారు. తాత్కాలిక రక్షణలో ఉన్నవారు సిరియాకు వెళ్తే హోదా పోతుంది. రంజాన్, బక్రీద్ పండుగలకు వెళ్లి రావడానికి ఇచ్చే సడలింపును కూడా 2022లో నిలిపివేశారు. భూకంపం తర్వాత మాత్రం ఆ ప్రాంతంలో నమోదైనవారు కొన్ని నెలలు సిరియాకు వెళ్లి తిరిగి రావచ్చని ప్రభుత్వం అనుమతించింది. ఫిబ్రవరి నెలాఖరుకే 40 వేల మందికి పైగా వెళ్లారు. బాంబుల నుంచి పారిపోయి వచ్చిన కుటుంబం తిరిగి యుద్ధభూమి వైపే వెళ్లిందంటే, ఇటువైపు గుడారంలో చలి, అద్దెకు దొరకని ఇల్లు, పెరుగుతున్న ద్వేషం ఎంత బరువుగా ఉన్నాయో అర్థం చేసుకోవచ్చు. వెళ్లినవారిలో చాలామంది భార్యాపిల్లలను బంధువుల దగ్గర వదిలి, తాము ఒంటరిగా తిరిగి వచ్చి పనిలో చేరాలనుకున్నవారు. దాంతో భూకంపంలో విడిపోని కుటుంబాలు కూడా దాని తర్వాత సరిహద్దుకు అటూ ఇటూ చీలాయి.

గుడారాల్లో ఉండిపోయినవారికి మార్చి 23న రంజాన్ మొదలైంది. పర్దా పాటించే స్త్రీకి పలచటి గుడ్డ గోడల మధ్య ఉమ్మడి స్నానపు గదులు, పొడవాటి వరుసల్లో నిలబడి తెచ్చుకునే ఇఫ్తార్ భోజనం, వుజూకు (నమాజుకు ముందు చేసే శుద్ధికి) సైతం సరిపోని నీళ్లు రోజువారీ పరీక్షలయ్యాయి. ఈ ఇబ్బంది తుర్కు స్త్రీలకూ ఉంది. అయితే కంటైనర్ ఇళ్ల కేటాయింపు మొదలైనప్పుడు గుడారం నుంచి బయటపడే వరుసలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నదానికి మళ్లీ కార్డే అడ్డు వచ్చేది.

పునర్నిర్మాణంలో ఈ తేడా శాశ్వత రూపం తీసుకుంది. దాన్ని గట్టిగా చెప్పడం అవసరం, ఎందుకంటే గుడారాల కష్టం అందరి కంటా పడుతుంది, ఆస్తి చట్టం ఎవరి కంటా పడదు. తుర్కియేలోని విపత్తు చట్టం ప్రకారం కొత్త ఇంటికి హక్కుదారు కూలిన ఇంటి యజమాని. ప్రభుత్వ గృహ నిర్మాణ సంస్థ టోకీ కట్టే లక్షల ఇళ్లు యజమానులకు సుదీర్ఘ వాయిదాల మీద దక్కుతాయి. సిరియా పౌరులకు అప్పటికి ఆ యజమాని హోదా వచ్చే దారి దాదాపు లేదు. తమ పౌరుల ఆస్తిపై ఆంక్షలు పెట్టిన దేశానికి అదే తీరులో బదులివ్వడానికి తెచ్చిన 1927 నాటి ప్రతిచర్య చట్టం ఆధారంగా, సిరియా పౌరులు తుర్కియేలో స్థిరాస్తి కొనడంపై భూకంపం నాటికి దశాబ్దాలుగా నిషేధం ఉంది. రెండు దేశాల మధ్య పాత ఆస్తి తగాదాల కాలంలో వచ్చిన ఆ నిషేధం, దశాబ్దాల తర్వాత వచ్చిన శరణార్థి మెడకు చుట్టుకుంది. పదేళ్లు కష్టపడి కూడబెట్టినవారు సైతం అద్దె ఇంట్లోనే ఉన్నారు, లేదా నమ్మిన తుర్కు మిత్రుడి పేరు మీద కొన్నారు. అద్దెదారుకు కూలిన భవనంలో హక్కు లేదు. మిత్రుడి పేరు మీద కొన్నవారికి మిత్రుడి మాట తప్ప ఆధారం లేదు. ఈలోపు తుర్కిష్ పౌరసత్వం పొందిన రెండు లక్షలకు పైగా సిరియన్లు మాత్రమే ఈ గీతకు ఇవతల ఉన్నారు.

ఉపాధిలోనూ ఇదే పద్ధతి. సిరియన్లకు పని అనుమతులు ఇచ్చే నియమం 2016 నుంచి ఉన్నా, అప్పట్లో యజమాని దరఖాస్తు చేయాల్సి ఉండేది, కనీస వేతనం, బీమా చెల్లించాల్సి ఉండేది. అందువల్ల గాజీయాంతెప్ జౌళి, చెప్పుల కార్ఖానాల్లో, అదానా చుట్టుపక్కల పొలాల్లో పనిచేసే అత్యధికులకు ఏ కాగితమూ లేదు. కార్ఖానా కూలినప్పుడు వారికి రావలసిన కూలి బాకీ కూడా దానితోపాటే పోయింది, నష్టపరిహారం అడగడానికి తాము అక్కడ పనిచేశామన్న రుజువే లేదు.

భూకంపం తర్వాత మూడు నెలలకే, 2023 మేలో, అధ్యక్ష ఎన్నికలు జరిగాయి. రెండో విడత పోరులో ప్రతిపక్ష అభ్యర్థి కిలిచ్‌దరోగ్లు "సిరియన్లు వెళ్లిపోతారు" అన్న పోస్టర్లు వేయించారు. ఎర్దొగాన్ పక్షం అంత కటువుగా మాట్లాడలేదు గానీ, ఉత్తర సిరియాలో ఇళ్లు కట్టి పది లక్షల మందిని స్వచ్ఛందంగా పంపిస్తామన్న హామీ వారిది కూడా. ముహాజిర్ల మాట ఆ ప్రచారంలో బలహీనంగానే వినిపించింది. ఏడాది తర్వాత, 2024 జూన్ చివరన, భూకంప ప్రాంతానికి పొరుగున ఉన్న కైసేరీ నగరంలో సిరియన్ల ఇళ్ల మీద, దుకాణాల మీద దాడులు జరిగాయి.

2024 డిసెంబరు 8న అసద్ ప్రభుత్వం కూలిపోవడంతో పరిస్థితి మారింది, తుర్కియే నుంచి లక్షల మంది సిరియాకు తిరిగి వెళ్లారు. వారిలో యుద్ధం ముగిసిందన్న ఆనందంతో వెళ్లినవారు ఉన్నారు. భూకంపం తర్వాత నిలదొక్కుకోలేక, ఇక్కడ మరో చలికాలం గడపలేక వెళ్లినవారూ ఉన్నారు. ఈ రెండో రకం ప్రయాణాన్ని పూర్తిగా స్వచ్ఛందమని లెక్కలో రాయడం న్యాయం కాదు. ఇంటిపెద్దకు ముందుగా వెళ్లి ఇంటి పరిస్థితి చూసి రావడానికి 2025 మొదటి ఆరు నెలల్లో ప్రత్యేక అనుమతి ఇచ్చారు. చూసి వచ్చినవారిలో కొందరు, తమ ఇంటి గోడలు యుద్ధంలో సగం పోగా మిగిలిన సగం 2023 ఫిబ్రవరిలో ఇదే భూకంపానికి కూలిందని తెలుసుకున్నారు. ఆ అనుమతి గడువు జూలై 1తో ముగిసింది. ఆ తర్వాత వెళ్లదలచినవారు సరిహద్దు దగ్గర స్వచ్ఛంద వాపసు పత్రం మీద సంతకం చేసి కార్డు అప్పగించాలి. దాంతో తాత్కాలిక రక్షణ రద్దవుతుంది, అక్కడ ఇల్లు నిలబెట్టుకోలేకపోయినా పాత హోదాతో వెనక్కి రావడానికి వీలుండదు.